అడ్వెంచర్ బండి నుంచి పెద్ద టూరింగ్ బండికి మారాలంటే మన నెల్లూరు, ఒంగోలు రోడ్ల మీద చూసుకోవాల్సిన లెక్క

హిమాలయన్, కేటీఎం 390 అడ్వెంచర్, వీ-స్ట్రామ్ లాంటి బండ్లు నాలుగైదేళ్లు తిప్పినవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది, గుట్టలెక్కింది చాలు ఇంక హాయిగా కూర్చుని పోయే పెద్ద టూరింగ్ బండి ఒకటి తీసుకుందాం అని. వయసు నలభై దాటి ఉంటుంది, మోకాళ్లు నొప్పులు మొదలై ఉంటాయి, ఇంట్లో ఆమె కూడా నేనూ వస్తానంటుంది, పైగా ఊరి పక్కనే ఎన్‌హెచ్ 16. చిలకలూరిపేట నుంచి నెల్లూరు దాకా ఆరు లైన్ల రోడ్డు, అందులో సింగరాయకొండ దగ్గర, కొరిశపాడు దగ్గర అవసరమైతే విమానాలు దించడానికని కట్టిన రన్‌వే ముక్కలు కూడా ఉన్నాయి, 2022 డిసెంబర్లో కొరిశపాడు దగ్గర ఎయిర్‌ఫోర్స్ వాళ్లు ట్రయల్ కూడా చేశారు. అంత తిన్నటి రోడ్డు ఎదురుగా పెట్టుకుని హోండా గోల్డ్ వింగ్ లాంటి పెద్ద టూరింగ్ బండి వీడియోలు చూస్తా ఉంటే ఎవరికైనా మనసు అటే పోతుంది, అందులో తప్పేం లేదు.

కాకపోతే ఈ నిర్ణయం ఆ హైవేని చూసి తీసుకునేది కాదు. హైవే మీద పెద్ద టూరింగ్ బండి బాగుంటుందా అంటే బాగుంటుంది, దాంట్లో డౌటే అక్కర్లేదు, ఆ పని కోసమే దాన్ని చేశారు. చూసుకోవాల్సింది నడక స్పీడులో బండిని ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ కదపాల్సి వస్తుందనేది. ఇంటి గేటు ముందు ర్యాంపు, పెట్రోల్ బంకులో వాలు, గుడి దగ్గర ఇసక పార్కింగు, సర్వీస్ రోడ్డు నుంచి యూటర్న్, ఇలాంటి చోట్ల కలిపి రోజుకి అరకిలోమీటరు కూడా ఉండకపోవచ్చు గానీ బండి పడేది అక్కడే, ఒళ్లు నొప్పులు వచ్చేదీ అక్కడే, కొన్న ఏడాదికే అమ్మేసే పరిస్థితి వచ్చేది కూడా ఎక్కువగా అక్కడి నుంచే.

అసలు ఈ రెండు రకాలూ దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. హోండా గోల్డ్ వింగ్ 1975లో వచ్చింది, మొదట్లో దానికి ఫెయిరింగూ (ముందు గాలిని ఆపే పెద్ద తొడుగు) సామాను డబ్బాలూ ఏమీ లేవు, అమెరికాలో జనమే బయట కొనుక్కుని బిగించుకునేవాళ్లు, అది చూసి 1980లో కంపెనీనే అన్నీ బిగించి ఇంటర్‌స్టేట్ అనే మోడల్ తెచ్చింది. అదే 1980లో బీఎండబ్ల్యూ వాళ్లు ఆర్80 జీ/ఎస్ తెచ్చారు, తారు రోడ్డూ మట్టి రోడ్డూ రెండూ నడిచే పెద్ద బండి, 1981 పారిస్ డాకార్ రేసు కూడా గెలిచింది, ఈరోజు అడ్వెంచర్ బండి అని మనం అనేదంతా దాని సంతతే. మోడల్ పేరే ఇంటర్‌స్టేట్ అని పెట్టారంటే టూరింగ్ బండి ఏ రోడ్ల కోసం పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు, అమెరికాలో 1956 నుంచి కట్టుకుంటా వచ్చిన ఆ పెద్ద హైవేలు, గంటల తరబడి ఒకే స్పీడులో, మధ్యలో ఊరు గానీ బ్రేకరు గానీ ఎదురొచ్చే ట్రాక్టరు గానీ ఉండవు.

మన దగ్గర అలాంటి రోడ్లు లేవా అంటే వస్తున్నాయి, కానీ వచ్చినవాటిలో చాలావాటి మీదికి బైకుల్ని రానివ్వడం లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద టూవీలర్లు నిషేధం, బెంగళూరు-మైసూరు హైవే మెయిన్ రోడ్డు మీద 2023 ఆగస్టు 1 నుంచి నిషేధం. బండి లక్షదా నలభై లక్షలదా అని అక్కడ ఎవరూ చూడరు, రెండు చక్రాలుంటే సర్వీస్ రోడ్డులోకి పోవాల్సిందే. ఇంక ఎన్‌హెచ్ 16 లాంటి డివైడర్ ఉన్న నాలుగు లైన్లు, అంతకు మించిన రోడ్ల మీద టూవీలర్‌కి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం 80 కిలోమీటర్లు. అంటే చట్టం ప్రకారం పోతే గోల్డ్ వింగ్ అయినా హిమాలయన్ అయినా నెల్లూరు నుంచి ఒంగోలుకి పట్టే టైము ఒకటే, ఆ 120 కిలోమీటర్లకి రెండూ గంటన్నర పైనే తీసుకుంటాయి.

ఈ స్పీడు సంగతి ఎందుకంటే పెద్ద ఇంజన్ విలువ తెలిసేది దాంతోనే. స్పీడు 80 నుంచి 120కి పోతే పెరిగేది ఒకటిన్నర రెట్లే గానీ గాలిని తోసుకుపోవడానికి కావాల్సిన పవర్ మూడు రెట్ల పైన అవుతుంది. 120లో గంటలు గంటలు పోయే దేశాల్లో గోల్డ్ వింగ్ 1833 సీసీ ఆరు సిలిండర్ల ఇంజన్‌కి అర్థం ఉంది. 80, 90లో పోయేచోట హిమాలయన్ 450 ఇచ్చే 40 పీఎస్ ఇద్దరికీ సామానుకీ కూడా సరిపోతుంది, లారీని దాటేటప్పుడు ఒక గేరు దించుకోవాలి అంతే. కాబట్టి పవర్ కోసం మారుతున్నాం అనుకునేవాళ్లు ఆగి ఇంకోసారి ఆలోచించుకోవడం మంచిది.

మరి నిజంగా మారేది ఏంటి? మొదటిది గాలి. అడ్వెంచర్ బండి మీద మనిషి నిటారుగా, ఎత్తులో కూర్చుంటాడు, ముందు అద్దం చిన్నది, ఛాతీ మీద గాలి కొడతానే ఉంటుంది, హెల్మెట్ చుట్టూ మోత. రెండు గంటలకి మెడ పట్టేస్తుంది, అప్పుడు అది అలసట అని కూడా తెలియదు, చెన్నైలో దిగాక తెలుస్తుంది. పెద్ద ఫెయిరింగ్ వెనక కూర్చుంటే ఈ బాధ చాలావరకు పోతుంది. రెండోది వైబ్రేషన్, సింగిల్ సిలిండర్ బండి హ్యాండిల్‌లోనూ ఫుట్‌పెగ్‌లోనూ ఇచ్చే సన్నటి వణుకు గోల్డ్ వింగ్ ఫ్లాట్ సిక్స్ (అటు మూడు, ఇటు మూడు సిలిండర్లు పడుకోబెట్టిన) ఇంజన్‌లో అసలు ఉండదనే చెప్పాలి, 170 ఎన్ఎం టార్క్ ఉండటంతో ఇంజన్ చాలా తక్కువ ఆర్పీఎంలో తిరుగుతా పోతుంది. మూడోది పక్కనుంచి కొట్టే గాలి. మంచి గాలి రోజున తడ వైపు పులికాట్ పక్కన పోయేటప్పుడు గానీ, కంటైనర్ లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు గానీ ఎత్తైన అడ్వెంచర్ బండి, అందులోనూ వెనక టాప్ బాక్స్ పెట్టినది, బాగా ఊగుతుంది. బరువంతా కింద ఉన్న టూరింగ్ బండికి ఫెయిరింగ్ పెద్దదైనా అంత ఊపు ఉండదు.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది, వెనక కూర్చునే మనిషి. దీని గురించి మగవాళ్లు మాట్లాడుకునేటప్పుడు చివర్లో ఒక మాట అనేసి వదిలేస్తారు గానీ నా లెక్కలో మొదట మాట్లాడాల్సింది ఇదే. అడ్వెంచర్ బండి వెనక సీటు ఎత్తుగా, సన్నగా ఉంటుంది, ఎక్కాలంటే ఫుట్‌రెస్ట్ మీద కాలుపెట్టి నిలబడి ఎక్కాలి, పట్టుకోవడానికి పక్కన ఇనప కడ్డీ, ముందు నడిపేవాళ్ల వీపు తప్ప ఏమీ కనపడదు, గుంతలో పడితే నడుముకి తగిలే దెబ్బ ముందువాళ్లకంటే వెనకవాళ్లకే ఎక్కువ. ఇలాంటి సీటు మీద ఒకసారి నెల్లూరు నుంచి శ్రీశైలం వచ్చిన మనిషి రెండోసారి వస్తానంటే అది ప్రేమే అనుకోవాలి. టూరింగ్ బండిలో వెనక వెడల్పాటి సీటు, వీపుకి ఆసరా, కాళ్లు చాపుకునేంత చోటు, గోల్డ్ వింగ్ టూర్‌లో అయితే నిజంగా కుర్చీయే. భార్యాభర్తలు కలిసి తిరిగేది ఎక్కువైతే ఈ ఒక్క కారణం చాలు మారడానికి.

దీంట్లోనూ ఒక చిక్కుంది. టూరింగ్ బండి మీద ఒక పక్కకి కూర్చోవడం కుదరదు, పక్క డబ్బాలు, వెనక ట్రంకు అడ్డం, చీరతో ఎక్కడం ఇబ్బంది. చుడీదారో ప్యాంటో వేసుకుని రెండువైపులా కాళ్లు వేసి కూర్చునే అలవాటు ఉందా లేదా అన్నది కొనేముందే ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయం. షోరూంకి పోయేటప్పుడు ఆమెని తీసుకుపోయి ఐదు నిమిషాలు కాదు, అరగంట ఆ సీటు మీద కూర్చోబెడితే చాలావరకు తేలిపోతుంది.

ఇంక బరువు. హిమాలయన్ 450 పెట్రోల్‌తో కలిపి 196 కేజీలు. గోల్డ్ వింగ్ టూర్ 390 కేజీలకి దగ్గర, హార్లే రోడ్ గ్లైడ్ 380 చుట్టుపక్కల, బీఎండబ్ల్యూ కే1600 జీటీఎల్ 358. అంటే ఒక హిమాలయన్ మీద ఇంకో హిమాలయన్ ఎక్కించినంత. కదిలేటప్పుడు ఈ బరువు తెలియదు, గోల్డ్ వింగ్ సీటు కూడా 745 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి రెండు పాదాలూ నేలకి ఆనతాయి, హిమాలయన్ సీటు 825, 2025కి ముందు వచ్చిన కేటీఎం 390ది 855, పొట్టివాళ్లు ఇన్నేళ్లూ మునివేళ్ల మీద నిలబడి పడిన బాధ ఒక్కసారిగా పోతుంది. అందుకే షోరూంలో కూర్చోగానే అబ్బ ఎంత తేలిగ్గా ఉంది అనిపిస్తుంది. అక్కడే మోసపోతారు. బరువు కిందగా ఉన్న బండి నిటారుగా ఉన్నంతసేపూ, కొద్దిగా వంగినా కూడా తేలికే, కానీ ఒక హద్దు దాటి వంగిందంటే ఇంక ఎవరి కాలూ ఆపలేదు. 200 కేజీల బండి పడబోతే కాలు బిగబట్టి ఆపొచ్చు, చాలామంది ఆపి ఉంటారు. 390 కేజీల బండి పడబోతే వదిలేసి పక్కకి దూకాలి, ఆపబోతే మోకాలో చీలమండో పోతుంది. ఏళ్ల తరబడి కాలితో ఆపడం అలవాటైన కాలికి వదిలేయమని నేర్పించడం అంత సులువు కాదు.

ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు రోజువారీ తిరుగుడు తీసుకుందాం. చాలా ఇళ్లకి రోడ్డుకీ గేటుకీ మధ్య సైడు కాలవ, దానిమీద నిలువుగా ఒక ర్యాంపు. అడ్వెంచర్ బండి ఒక్క రేజు ఇస్తే ఎక్కేస్తుంది, 230 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, కింద ఏమీ తగలదు. గోల్డ్ వింగ్ వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య దూరం, 1695 మిల్లీమీటర్లు, క్లియరెన్స్ 130, ర్యాంపు పైకి ముందు చక్రం ఎక్కి వెనక చక్రం ఇంకా కిందుండగానే మధ్యలో పొట్ట రాసుకునే ఛాన్స్ ఉంది. పొద్దున్నే బయటికి తీయాలంటే వెనక్కి దించాలి, వాలులో 390 కేజీలు వెనక్కి జారుతుంటే రెండు కాళ్లతో పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఇందుకే గోల్డ్ వింగ్‌కి రివర్స్ ఇచ్చారు, నడక మోడ్‌లో ముందుకి గంటకి 1.8 కిలోమీటర్లు, వెనక్కి 1.2 కిలోమీటర్ల స్పీడులో మెల్లగా కదులుతుంది, కే1600కి కూడా రివర్స్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో హార్లే టూరింగ్ చూసేవాళ్లు ఆ బండ్లకి మామూలుగా రివర్స్ ఉండదని గుర్తుపెట్టుకోవాలి. ర్యాంపుని ఒక మేస్త్రీని పిలిచి పొడవుగా, వాలు తగ్గించి కట్టించుకుంటే సగం సమస్య పోతుంది, బండికి పెట్టే డబ్బుతో పోలిస్తే అదేం ఖర్చు కాదు గానీ కొనకముందు ఇది ఎవరికీ తట్టదు.

ఊళ్లోకి పోతే నెల్లూరులో ట్రంకు రోడ్డు, వీఆర్సీ సెంటర్, ఒంగోలులో కర్నూలు రోడ్డు, అద్దంకి బస్టాండ్, సాయంత్రం పూట అక్కడ బండ్ల మధ్య అడుగు అడుగున ఆగి కదలాలి. అడ్వెంచర్ బండి హ్యాండిల్ వెడల్పే గానీ ఎత్తులో ఉంటుంది, కార్ల అద్దాల పైనుంచి పోతుంది. టూరింగ్ బండికి పక్క డబ్బాలు వెడల్పు, ముందు భాగం దూరిందంటే వెనక భాగం దూరుతుందని గ్యారంటీ లేదు. నిజం చెప్పాలంటే టూరింగ్ బండి పెట్టుకున్నవాళ్లు ఊళ్లో తిరగడానికి ఇంకో స్కూటర్ ఉంచుకోవాల్సిందే, ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

బ్రేకర్ల సంగతి వేరే చెప్పాలి. రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్సీ) లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పులో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గంటకి 25 కిలోమీటర్ల స్పీడులో సాఫీగా దాటేలా. అలా ఉంటే 130 మిల్లీమీటర్ల బండి కూడా తగలకుండా పోతుంది. మన పల్లెల్లో రోడ్డు పక్క ఇళ్లవాళ్లు పిల్లల భయంతో సొంతంగా వేసుకునేవి సన్నగా, నిటారుగా, రెండేసి మూడేసి వరసగా ఉంటాయి, వాళ్లనీ అనడానికి లేదు, లారీలు అంత స్పీడుగా పోతాయి మరి. కానీ ఇద్దరు కూర్చుని డబ్బాల్లో సామాను నింపితే సస్పెన్షన్ ఇంకాస్త కిందకి దిగుతుంది, 130 కాస్తా ఇంకా తగ్గుతుంది. గోల్డ్ వింగ్ సస్పెన్షన్ ప్రయాణం ముందూ వెనకా 110 మిల్లీమీటర్ల లోపే, హిమాలయన్ 450కి 200. 21 అంగుళాల సన్నటి ముందు చక్రం గుంత అంచుని ఎక్కి దిగినంత తేలిగ్గా 18 అంగుళాల వెడల్పాటి చక్రం ఎక్కదు. అడ్వెంచర్ బండి మీద గుంత కనపడితే లేచి నిలబడి దాటేయడం అలవాటైపోతుంది, టూరింగ్ బండి మీద లేచి నిలబడే కూర్పే లేదు, గుంతని ముందే చూసి తప్పించుకోవాలి, చూసే చూపే మారాలి.

ఇంక కోతల టైములో డెల్టా వైపు తారు రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోస్తారు, పక్కన రాళ్లు అడ్డం పెడతారు. ఆ వడ్ల మీద ఏ బండి టైరైనా జారుతుంది, తేడా ఏంటంటే అడ్వెంచర్ బండి మట్టి మార్జిన్‌లోకి దిగి పోవచ్చు, పెద్ద బండి దిగకూడదు. రొయ్యల గుంటల గట్ల మీద పోవాల్సిన పని ఉన్నవాళ్లు, మైపాడు, కొత్తపట్నం, తుమ్మలపెంట బీచిల్లో ఇసక దాకా బండి తీసుకుపోయే అలవాటున్నవాళ్లు, పొలం కాడికి రోజూ పోవాల్సినవాళ్లు టూరింగ్ బండి ఆలోచనే పెట్టుకోకూడదు. ఇసకలో స్టాండు వేస్తే స్టాండు దిగబడి బండి మెల్లగా ఒరుగుతుంది, 200 కేజీలదైతే ఒకరిద్దరు లేపుతారు. పెద్దదైతే దానికొక పద్ధతి ఉంది, హ్యాండిల్ పూర్తిగా తిప్పి, బండికి వీపు ఆనించి, సీటు అంచు ఒక చేత్తో, హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్ల బలంతో వెనక్కి అడుగులేస్తా లేపాలి, బండి కుడివైపు పడి ఉంటే ఎడమ పక్క స్టాండు ముందే దించి పెట్టుకోవాలి. గోల్డ్ వింగ్‌కి ముందూ వెనకా గార్డులు ఉండటంతో పూర్తిగా పడుకోకుండా వాలుగా ఆగుతుంది, అది కొంత నయం. అయినా ఇసకలో కాలు జారే చోట ఈ పద్ధతి పనిచేయదు.

పడమటి వైపు రోడ్లు ఇంకో రకం. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు పోయే ఎన్‌హెచ్ 67 వెలికొండల్ని దాటుతుంది, గిద్దలూరు నుంచి నంద్యాల ఘాట్, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ నల్లమలలో పోతాయి. ఈ రోడ్ల మీద రెండు బండ్లూ బాగుంటాయి, వేరే వేరే రకంగా. ఓపెన్ మలుపుల్లో టూరింగ్ బండి ఒకసారి వంచితే గీత గీసినట్టు పోతుంది, చూసేవాళ్లకి అంత పెద్ద బండి అలా వంగుతుందా అనిపిస్తుంది. ఎదురుగా బస్సు వచ్చి, మెలిక మలుపులో ఆగి మళ్లీ ఎత్తులో కదలాల్సి వచ్చినప్పుడే చెమటలు పడతాయి. దోర్నాల రూట్లో రాత్రిపూట ఫారెస్టు గేట్లు మూసేస్తారు కాబట్టి టైము చూసుకుని బయల్దేరాలి, గేటు మూసే టైముకి అందుకోవాలని ఘాట్లో తొందరపడటం ఏ బండి మీదైనా మంచిది కాదు, బరువైన బండి మీద అసలు వద్దు, కిందకి దిగేటప్పుడు బ్రేకుల మీద ఆ బరువంతా పడుతుంది, గేర్లు దించి ఇంజన్ బ్రేకింగ్ వాడుకోవాలి. ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి వైపు పోయే రోడ్డులో గ్రానైట్ బండలేసుకున్న లారీలు తిరుగుతాయి, రాళ్ల చెత్త రోడ్డు మీద పడి ఉంటుంది, అక్కడ మాత్రం ఎత్తు బండి మీద కూర్చుని దూరం నుంచి చూసుకోగలగడం పెద్ద ప్లస్సు.

ఎండ సంగతి ఇంకా కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే చల్లటి దేశాల్లో రాసే రివ్యూల్లో ఇది ఉండదు. ఫెయిరింగ్ చలి గాలి తగలకుండా కాపాడుతుంది అని వాళ్లు మెచ్చుకుంటారు. మనకి రోహిణి కార్తెలో పడమటి గాలి కొడితే 42, 44 డిగ్రీలు. ఒంటి చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు, గాలి అంతకంటే వేడిగా ఉంటే ఆ గాలి ఒంటికి తగిలే కొద్దీ వేడి ఎక్కుతుందే తప్ప తగ్గదు, చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. పొడి పడమటి గాలిలో పెద్ద ఫెయిరింగ్ వెనక, తడిపిన బనియన్ మీద జాకెట్ వేసుకుని కూర్చుంటే అడ్వెంచర్ బండి మీదకంటే కొంత నయంగానే ఉండొచ్చు, వడగాలి నేరుగా ఛాతీకి కొట్టదు కాబట్టి. కోస్తా పక్క ఉక్కపోతలో మాత్రం ఇది పూర్తిగా రివర్స్, ఫెయిరింగ్ వెనక గాలి ఆడక చెమట ఆరదు, ఒళ్లంతా జిడ్డు, దానికి తోడు కాళ్ల దగ్గర పెద్ద ఇంజన్ వేడి. గాలికి చల్లబడే పెద్ద వీ-ట్విన్ (వీ ఆకారంలో రెండు సిలిండర్ల) ఇంజన్లతో సిగ్నల్ దగ్గర ఆగితే తొడలకి సెగ తగులుతుంది, నీళ్లతో చల్లబడే ఇంజన్లయితే ఫ్యాను తిరిగి వేడిగాలి ఎటో ఒకవైపు వదులుతుంది. అద్దాన్ని కిందకి దించుకునే వీలుండటం అందుకే మన దగ్గర లగ్జరీ కాదు, అవసరం. టెస్ట్ రైడ్‌కి డిసెంబర్లో పోయి నిర్ణయం తీసుకునేవాళ్లు ఏప్రిల్లో ఇంకోసారి నడిపి చూడాలి.

వానాకాలం మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్, తుఫాన్ల టైము. 2021 నవంబర్లో పెన్నా వరదకి కోవూరు దగ్గర పడుగుపాడులో ఎన్‌హెచ్ 16 కోసుకుపోయి బండ్లన్నీ ఆగిపోయాయి. అలాంటప్పుడు దారి మళ్లించి చిన్న రోడ్లలోకి పంపిస్తారు, ఆ రోడ్లు టూరింగ్ బండికి పనికిరావు. వాన మామూలుగా పడేటప్పుడు ఫెయిరింగ్ వెనక కాళ్లు కూడా పెద్దగా తడవవు, ఆ సుఖం నిజం.

ఇంకో విషయం లైసెన్సు. మన దేశంలో గేర్ల బండి లైసెన్సు ఒకటే, వంద సీసీ బండి మీద టెస్టు పాసైన మనిషి మర్నాడే 1800 సీసీ బండి ఎక్కొచ్చు, చట్టం ఆపదు. యూరప్‌లో మెట్లు మెట్లుగా ఇస్తారు, అది ఊరికే పెట్టిన రూలు కాదు. మనకి ఆ మెట్లు మనమే కట్టుకోవాలి. పొద్దున్నే ఖాళీ గ్రౌండు చూసుకుని, డబ్బాలు ఖాళీగా ఉంచి, మెల్లటి స్పీడులో ఎనిమిది అంకె కొట్టడం, చిన్న చోట యూటర్న్ తీయడం కొన్ని వారాలు చేయాలి. మెల్లటి స్పీడులో హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు పట్టుకుంటే బండి అప్పటికప్పుడే పడుతుంది, వెనక బ్రేకు మాత్రమే వాడటం కాలికి అలవాటవ్వాలి. గోల్డ్ వింగ్ డీసీటీలో, అంటే గేర్లు దానంతటదే మార్చుకునే రకంలో, క్లచ్ లివరే ఉండదు, క్లచ్ సగం పట్టుకుని బ్యాలెన్స్ చేసే అడ్వెంచర్ బండి అలవాటు అక్కడ పనిచేయదు, రేజు కొద్దిగా ఇచ్చి వెనక బ్రేకు కొద్దిగా నొక్కి పెట్టి కదపాలి. ఇది వచ్చాకే వెనక మనిషిని ఎక్కించుకోవాలి.

డబ్బు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, హిమాలయన్ 450 మూడు లక్షల చుట్టూ ఉంటే గోల్డ్ వింగ్ టూర్ షోరూం ధరే నలభై లక్షలకి దగ్గర. 2025 ఫిబ్రవరి బడ్జెట్లో పూర్తిగా తయారై వచ్చే 1600 సీసీ, ఆ పైన బండ్ల మీద కస్టమ్స్ సుంకం 50 నుంచి 30 శాతానికి తగ్గించారు, అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల జీఎస్టీ సెస్సుతో కలిపి ఉన్న 31 నుంచి 40 అయింది, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టయింది. వేరే రాష్ట్రం నుంచి పాత బండి తెచ్చుకుంటే అక్కడి ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ ఉంటాయి. సర్వీసుకి ఎక్కువగా చెన్నై, హైదరాబాద్, బెంగళూరు లాంటి పెద్ద ఊళ్లకే పోవాలి. చెన్నై నెల్లూరుకి 175 కిలోమీటర్ల దూరం కాబట్టి పొద్దున పోయి సాయంత్రం రావచ్చు, ఒంగోలు వాళ్లకి అదే 300 అవుతుంది. హార్లే కంపెనీ 2020లో ఇక్కడ సొంత వ్యాపారం మూసేసి హీరోతో ఒప్పందం చేసుకున్నప్పుడు ఓనర్లు పడ్డ టెన్షన్ కూడా మర్చిపోకూడదు. దారిలో బండి ఆగిపోతే ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి, హిమాలయన్‌ని నలుగురు కలిసి టాటా ఏస్‌లోకి ఎత్తేస్తారు, 390 కేజీలని ఎత్తలేరు, ర్యాంపు ఉన్న బండి కావాలి. గోల్డ్ వింగ్ వెనక టైరు 200/55 ఆర్16, అది మామూలు టైర్ షాపులో ఉండే సైజు కాదు, అరిగిపోయే దాకా ఆగకుండా ముందే ఆర్డర్ పెట్టుకోవాలి.

మధ్యలో ఇంకో దారి ఉంది, చాలామందికి అదే సరిపోతుంది. 2023 జనవరిలో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 సీటు 740 మిల్లీమీటర్లు, బరువు 241 కేజీలు, రెండు సిలిండర్లు, టూరర్ వేరియంట్లో అద్దం, వెనకాల వీపు ఆసరా ఇస్తారు, సర్వీసు నెల్లూరులోనూ ఒంగోలులోనూ దొరుకుతుంది. క్లియరెన్స్ 135 మాత్రమే కాబట్టి బ్రేకర్ల జాగ్రత్త దానికీ ఉంది. గోల్డ్ వింగ్ ఇచ్చే సుఖం ఇది ఇవ్వదు, అలా అనుకుని కొంటే నిరాశే, కానీ తక్కువ ఎత్తు బండి, పొడవు బండి తన ఇంటికీ తన రోడ్లకీ పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఇది మంచి మెట్టు. ఇంకొందరికి అసలు బండి మార్చాల్సిన పనే ఉండదు, బాధ గాలితోనో సీటుతోనో అయితే పెద్ద అద్దం, మంచి సీటు, వెనక మనిషికి బ్యాక్‌రెస్ట్ ఉన్న టాప్ బాక్స్ వేయించుకుంటే కొన్ని వేలల్లో తీరిపోతుంది. ఆ మార్పులు చేసి ఒక సీజన్ తిరిగి చూశాక కూడా బాధ తగ్గకపోతే అప్పుడు పెద్ద బండి ఆలోచించొచ్చు.

పెద్దదానికి నిజంగా సరిపోయేవాళ్లు ఉన్నారు. ఇల్లు వెడల్పు రోడ్డు మీద, షెడ్డు నేలకి సమానంగా ఉండి, హైవే ఎక్కడానికి ఊరంతా దాటక్కర్లేనివాళ్లు, పొలం పనికీ ఊరి పనికీ వేరే బండి ఉన్నవాళ్లు, తిరిగేది ఎక్కువగా జంటగా, చెన్నై మీదుగా కన్యాకుమారి, ఇటు విశాఖ, ఇలా రోజుల తరబడి పోయేవాళ్లు. వాళ్లకి అడ్వెంచర్ బండి మీద ఇన్నాళ్లూ పడిన గాలి దెబ్బ, నడుము నొప్పి అనవసరంగా భరించినవే. అయినా పాత బండిని వెంటనే అమ్మేయకుండా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం రెండూ ఇంట్లో ఉంచుకోవడం మేలు, ఏ రోజు చెయ్యి ఏ తాళం మీదికి పోతుందో చూసుకోవచ్చు, అప్పటిదాకా దాని ఇన్సూరెన్సూ పొల్యూషన్ సర్టిఫికెట్టూ మాత్రం లాప్స్ కానివ్వకూడదు.